కృపమ్మ పెట్టె మీది పూలు

ఏసురత్నానికి కోపం కొత్త కాదు. దాన్ని పెంచి పోషించడం మాత్రం భార్య పోయాకే నేర్చుకున్నాడు. అంతకుముందు అతని కోపం పాలపొంగులాంటిది, లేచిందనుకునేలోపే దిగిపోయేది. కొండాపూర్‌లో అతని పూలకొట్టుకి వచ్చేవాళ్లందరికీ ఆ సంగతి తెలుసు. ఏదో ఆఫీసు లాబీలో తను సర్దిన జెర్బెరాల కుండీలో ఎవరో కాఫీ ఒలకబోశారని పొద్దున అగ్గిమీద గుగ్గిలమయ్యేవాడు. మధ్యాహ్నానికి ఆ కాఫీ మనిషికే గులాబీకి రిబ్బన్ కట్టి ఇచ్చి, "ఎవరికిస్తావో నాకు చెప్పొద్దు" అని నవ్వేవాడు. అలాంటి మనిషి ఒక పగని ఏడాదిపాటు, నీళ్లు మార్చి, కాడలు కత్తిరించి, వాడిపోకుండా కాపాడుకున్నాడంటే ఎవరూ నమ్మరు. స్వామి మాత్రం నమ్మాల్సి వచ్చింది.

ఏసురత్నానిది చీరాల పక్క పల్లె. హైటెక్ సిటీలో అద్దాల మేడలు ఒకదాన్ని చూసి ఒకటి లేస్తున్న రోజుల్లో పని వెతుక్కుంటూ వచ్చి స్వామి దగ్గర చేరాడు. స్వామికి చేవెళ్ల దగ్గర పూలతోట, కొండాపూర్‌లో గోదాము ఉండేవి. బంతి, చామంతి తప్ప ఇంకో పువ్వు ఎరగని ఏసురత్నానికి రేకుల దొంతరలుండే కార్నేషన్ని ఎక్కడ పట్టుకోవాలో, కాడని నీళ్లలో ముంచి ఎందుకు కోయాలో నేర్పింది స్వామే. పెళ్లయ్యాక సొంత కొట్టు పెట్టుకుంటానంటే అడ్డం పడలేదు. "పో రత్నం, మంచిగ బతుకు. పూలు మాత్రం నా దగ్గర్నే కొను" అన్నాడు. ఏసురత్నం ఆ మాట తప్పలేదు.

కొట్లో సగం పని భార్య కృపమ్మది. బొకేలు చుట్టేది, రిబ్బన్లు కట్టేది, బేరమాడే వాళ్లని మాటల్తోనే చుట్టేసేది. స్వామి కూతురు రోహిణి చిన్నప్పుడు గోదాములో ఆడుకుంటూ ఉంటే పిలిచి జడ వేసి, జడలో ఒక తెల్ల కార్నేషన్ పెట్టి పంపేది. ఆ పువ్వంటే కృపమ్మకి ప్రాణం. "నేను పోతే నా పెట్టె మీద ఇవే ఉండాలి. రంగురంగులవి తెచ్చి కలగాపులగం చేశావంటే లేచొచ్చి తిడతాను" అనేది. అప్పుడది సరసం.

పోయిన వేసవిలో ఆమెకి కడుపులో గడ్డ అని తేలింది. ఆస్పత్రి మంచం మీద ఆమె అడిగింది ఒక్కటే, బంగినపల్లి పండు. డాక్టర్లు ఇప్పుడు వద్దన్నారు. "సరే, ఇంటికెళ్లాకే తింటాను. కార్బైడు వేసినవి నాకొద్దు, మనమే మాగవేద్దాం" అంది. ఏసురత్నం కాయలు కొని తెచ్చి, నిజాంపేటలో తాముండే ఇంటి వెనక గదిలో, ఎండుగడ్డి పరిచి, వాళ్ల నాన్న చేసినట్టే వరసలుగా పేర్చి, తలుపు మూసి వచ్చాడు. కాయలు పండే వేళకి కృపమ్మ ఇంటికి వచ్చింది. వచ్చింది అంబులెన్సులో, ముఖం మీద గుడ్డతో.

చీరాల నుంచి ఆమె తమ్ముడు రావాలని భూస్థాపన మర్నాటికి ఆపారు. ముందు గదిలో ఐస్ బాక్సు, దాని చుట్టూ జనం. పూలు కట్టడానికి ఏసురత్నం చేతులు ఆడలేదు. స్వామికి కబురు చేస్తే ఆ మధ్యాహ్నమే స్వయంగా తెచ్చాడు, పెట్టె నిడివి పూలశిలువ, అంతా తెల్ల కార్నేషన్లే. "ఎక్కడ పెడుదం రత్నం?" అని అడిగితే, ఏసురత్నం తల ఎత్తకుండానే, "వెనక గదిలో పెట్టించన్నా. అక్కడైతే చల్లగా ఉంటుంది" అన్నాడు. పెట్టించి, ఈగలు రాకుండా తలుపు దగ్గరగా వేయించి స్వామి వెళ్లిపోయాడు.

మర్నాడు చర్చిలో ఆ శిలువని తెచ్చి పెట్టె మీద ఉంచినప్పుడు ఏసురత్నం మొదటిసారి దాన్ని చూశాడు. పువ్వన్న పువ్వల్లా గుప్పిట మూసింది. రేకులన్నీ లోపలికి ముడుచుకుని, తడిసిన కాగితపు ఉండల్లా ఉన్నాయి. పాట సగంలో ఉంది. వెనక బెంచీలో ఎవరో ఆడమనిషి గొంతు తగ్గించకుండానే, "పూలవాడి పెళ్లానికి అమ్ముడుపోని పూలు చూశావా" అంది. చర్చి గుమ్మం దాకా వచ్చిన స్వామి పెట్టె వంక చూసి, లోపలికి అడుగు పెట్టకుండా వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. ఏసురత్నానికి ఇంకో సాక్ష్యం అక్కర్లేకపోయింది. తప్పు చేసినవాడు కాకపోతే ఎందుకు వెళ్లిపోతాడు?

అక్కణ్ణుంచి మొదలైంది. స్వామిని ఒక్క మాట అడగలేదు. అడగాల్సిన ఒక్కణ్ణి వదిలేసి, ఊళ్లో అందరికీ చెప్పాడు. లాబీల్లో పూలు పెట్టించే ఆఫీసు మేనేజర్లకి చెప్పాడు, మణికొండ అపార్టుమెంట్ల సెక్రటరీలకి చెప్పాడు, గుడిమల్కాపూర్ పూలమార్కెట్లో టీ తాగే ప్రతి గుంపులోనూ నిలబడి చెప్పాడు. "నా భార్య శవం మీద మురిగిన సరుకు పెట్టాడండి. బతికున్నవాళ్లకి మంచివి ఇస్తాడా?" అనేవాడు. పెళ్లాం పోయిన మనిషి కళ్లలో నీళ్లతో చెప్తుంటే ఎవరు కాదంటారు? నిప్పు లేనిదే పొగ రాదన్నారు. పొగ వేసేవాడు ఉంటే నిప్పుతో పనేముంది గానీ, అది ఎవరికీ తోచలేదు. స్వామి బళ్లు వస్తే పువ్వుని ముక్కు దగ్గర పెట్టుకుని చూసి మరీ కొన్నారు, తర్వాత కొనడమే మానేశారు. వర్షాలు తగ్గేసరికి స్వామి కొండాపూర్ గోదాము ఖాళీ చేసి చేవెళ్లకి సర్దుకున్నాడు. ఆ కబురు తెలిసిన రోజు ఏసురత్నం అన్నం రెండోసారి పెట్టించుకుని తిన్నాడు. వడ్డించిన కూతురు సెలీనా గిన్నె మూతపెట్టి లోపలికి వెళ్లిపోయింది.

అంతటితో చల్లారితే అది పగెందుకవుతుంది? అతనికి ఇంకా కడుపు నిండలేదు. నా ఇంట్లో నలుగురి ముందూ జరిగింది వాడి ఇంట్లో నలుగురి ముందూ జరగాలి, అనుకునేవాడు. బండి నడుపుతూ అనుకునేవాడు, దండ గుచ్చుతూ అనుకునేవాడు, చర్చిలో మోకాళ్ల మీద ఉండి కూడా అనుకునేవాడు. శత్రువుని క్షమించమని చెప్పే చోట దేవుడు కొంచెం అటు తిరిగితే బాగుండునని అతని కోరిక.

దేవుడు తిరిగాడో లేదో గానీ, ఈ వేసవిలో స్వామే శుభలేఖ పట్టుకుని కొట్టుకి వచ్చాడు. ఏడాదిలో మనిషి సగమయ్యాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"రోహిణి పెండ్లి రత్నం. రిసెప్షన్ స్టేజీ నువ్వే కట్టాలె" అన్నాడు.

"నేనా?"

"నువ్వే. నా పూలు నీ ఇంట్ల నిన్ను తలదించుకునేటట్టు చేసినయ్. ఎట్ల పాడైనయో నాకు తెల్వది. పొద్దుగాల నా చేత్తోని కోసిన. కానీ పేరైతే నాదే గద. నా బిడ్డ పెండ్లికి నా తోట పూలే నీ చేతుల పెడ్తున్న. రోహిణి తెల్ల కార్నేషన్లే కావాలంటున్నది, కృపమ్మత్త పెట్టేటి పువ్వు అని."

కృపమ్మ పేరు ఆ నోట వినగానే ఏసురత్నానికి ఒళ్లు మండింది. నా నోరు మూయించడానికి వచ్చాడు వీడు, అనుకున్నాడు. పైకి మాత్రం నవ్వి, "అలాగే అన్నా. మీ అమ్మాయి నాకు పరాయిదా?" అన్నాడు. స్వామి అతని చెయ్యి ఒకసారి పట్టుకుని, వదిలి వెళ్లిపోయాడు. ఏసురత్నం ఆ చేతిని పంచెకి తుడుచుకున్నాడు.

ఇక కావలసింది ఉపాయం. పూలు వాళ్ల తోటవే, వేదిక వాళ్లింటిదే, చూసేవాళ్లు పూలమార్కెట్ అంతా. జనం వచ్చే వేళకి అవి స్టేజీ మీద వాడిపోతే చాలు. స్వామి పూలు స్వామి కూతురి పెళ్లికే నిలవలేదన్న మాట చేవెళ్ల దాకా తరుముతుంది.

సెలీనా యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. విషయం కూడా కోసిన పూలు ఎందుకు వాడిపోతాయన్నదే. పూలవాడి కూతురికి ఇంకేం తోస్తుంది? ప్రయోగాలకి పూలు ఇచ్చే వంకతో ఏసురత్నం ఆమె ల్యాబుకి వెళ్లాడు. ఆమె రేకుల్ని ఐసు మీద పెట్టిన చిన్న కల్వంలో నూరుతోంది. ఒక గాజుగొట్టంలో ఆ పసరు వేసి, పైన మందుచుక్క వేస్తే తెల్లగా నురగ పొంగింది. పక్క గొట్టంలో వేస్తే నురగ లేచీ లేవనట్టు లేచి ఆగిపోయింది.

"ఏంటమ్మా ఇది?"

"ఇది తాజా పువ్వు, అది వాడిపోతున్న పువ్వు. నేను వేసింది ఆస్పత్రిలో పుండు కడిగే నురగమందు నాన్నా, హైడ్రోజన్ పెరాక్సైడ్. తెంపాక కూడా పువ్వు ఊపిరి పీలుస్తూనే ఉంటుంది. ఆ ఊపిరిలోంచే ఈ విషం పువ్వు లోపల కొద్దికొద్దిగా పుడుతూ ఉంటుంది. దాన్ని ఎప్పటికప్పుడు విరగ్గొట్టి నీళ్లు చేసేసే ఎంజైములు కొన్ని ఉంటాయి. కాటలేజ్ అని ఒకటి. ఆ నురగ దాని పనే."

"మరి నీళ్లు పోస్తూనే ఉన్నాం కదా, ఎందుకు వాడిపోతుంది?"

"నీళ్లు లేక కాదు. ఎంజైములంటే గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లనుకో. వాళ్లంతా డ్యూటీలో ఉన్నంతసేపు రేకు నిలబడుతుంది. వాళ్లు తగ్గిపోయారంటే విషం పేరుకుపోతుంది, ఇనుముకి తుప్పు పట్టినట్టు రేకు గోడలు తినేస్తుంది. లోపలి తడి కారిపోయి రేకు వాలిపోతుంది."

ఏసురత్నం గొంతు సర్దుకున్నాడు. "ఆ కాపలావాళ్లు తొందరగా పోవాలంటే ఏం చెయ్యాలి?"

సెలీనా నూరడం ఆపింది. "అందరూ ఎక్కువ రోజులు నిలవాలంటే ఏం చెయ్యాలని అడుగుతారు నాన్నా."

"తెలిసి ఉంటే మంచిదని."

ఆమె తండ్రి ముఖంలోకి సూటిగా చూసి, ఒక్కొక్క మాటే చెప్పింది. "కార్నేషన్‌కైతే మామిడిపళ్లు చాలు. మాగే పండులోంచి ఎథిలీన్ అని ఒక గ్యాసు వస్తుంది. మూసిన గదిలో, మాగేసిన మామిడిపళ్ల పక్కన కార్నేషన్లు ఒక్క రాత్రి ఉంచితే ఆ కాపలా అంతా కూలిపోతుంది. బంతికీ చామంతికీ అంత ఇబ్బంది లేదు. ఇది తట్టుకోలేదు. మామిడిపళ్లు నాన్నా."

ఆ చివరి మాట రెండోసారి ఎందుకన్నదో ఏసురత్నం ఆలోచించలేదు. పగ పట్టినవాడి చెవిలో తనకి పనికొచ్చేదే దూరుతుంది. అతను తిరిగి వచ్చేదారిలోనే కాయలకి పురమాయించాడు.

పెళ్లి ముందురోజు చేవెళ్ల నుంచి పూలు వచ్చాయి. మంచులా తెల్లగా, విచ్చీ విచ్చని మొగ్గలు. ఇంత మంచి సరుకు స్వామి తోటలో ఎప్పుడూ చూడలేదు. వాటిని కొట్టు వెనక గదిలో బకెట్లలో నిలబెట్టి, మధ్యలో గడ్డి మీద మాగిన పళ్లు పోసి, కూలర్ ఆపేసి, తలుపు బిగించాడు. రేపు కట్టేటప్పుడు కాస్త అలసినట్టుంటాయి, లైట్లు పడేసరికి ముడుచుకుపోతాయి, ఇదీ అతని లెక్క. స్వామి ముఖాన్ని తలుచుకుంటూ హాయిగా నిద్రపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం సరుకు ఎక్కించడానికి తలుపు తీశాడు.

ముందు వాసన వచ్చింది. మూసిన గది, ఎండుగడ్డి, మాగిన బంగినపల్లి. ఆ వాసన అతనికి తెలుసు. అంబులెన్సు వచ్చిన రోజు ఇల్లంతా అదే వాసన. పరామర్శకి వచ్చినవాళ్లు అగరొత్తులు వెలిగించినా పోలేదు. తర్వాత పూలు కనిపించాయి. పని అనుకున్నదానికన్నా ముందే అయిపోయింది. పువ్వన్న పువ్వల్లా గుప్పిట మూసింది.

ఏసురత్నం ఒక పువ్వు తీసి తిప్పి చూశాడు. పాత సరుకు ఎలా ఉంటుందో ఇన్నేళ్లుగా పూలతో బతికిన అతనికి తెలియదా? అంచులు గోధుమరంగుకి తిరుగుతాయి, మెడ వాలిపోతుంది, కాడ జిగురై కంపు కొడుతుంది. ఇవి అలా లేవు. కాడలు పచ్చగా ఉన్నాయి, రేకులు మాత్రం లోపలికి ముడుచుకున్నాయి. చర్చిలో పెట్టె మీద చూసింది ఈ ముఖమే. "వెనక గదిలో పెట్టించన్నా" అన్న గొంతు ఎవరిదో కూడా అప్పుడు వినిపించింది.

సెలీనాకి ఫోన్ చేశాడు. "అమ్మ పూలు మామిడిపళ్ల వల్లేనా?" అని అడిగాడు.

"అవును నాన్నా."

"నీకెప్పుడు తెలుసు?"

"చర్చిలో చూసినప్పుడే."

"ఏడాదిపాటు చెప్పలేదే?"

"ఎలా చెప్పను? ఆ పళ్లు అమ్మ కోసమని నువ్వు పేర్చావు. అమ్మ పోయాక మూడు పూటలు నువ్వు ముద్ద ముట్టలేదు. స్వామి పెదనాన్నని తిట్టడం మొదలుపెట్టాకే అన్నం తిన్నావు. నీ నోటికాడ కూడు నేను తియ్యలేకపోయాను. మొన్న నువ్వే వచ్చి అడిగితే, మామిడిపళ్లు అని రెండుసార్లు చెప్పాను. అప్పుడైనా అర్థమవుతుందనుకున్నాను."

మండపానికి వెళ్లేదారిలో ఏసురత్నానికి ఇంకా కోపం వస్తూనే ఉంది. ఏడాదిగా పెంచిన పగ, యజమాని లేని కుక్కలా, ఎవర్ని కరవాలో తెలియక తిరిగింది. మామిడిపండు అడిగిన కృపమ్మ మీద వచ్చింది, వద్దన్న డాక్టర్ల మీద వచ్చింది, నోరు మూసుకున్న కూతురి మీద వచ్చింది. చివరికి ఎక్కడికి చేరాలో అక్కడికే చేరింది.

శేరిలింగంపల్లిలో ఫంక్షన్ హాలు. స్వామి కొత్త పంచెతో కుర్చీలు వేయిస్తున్నాడు. ఏసురత్నం అతన్ని వంటశాల వెనక్కి తీసుకెళ్లి మొత్తం చెప్పాడు. ఈరోజు చేసిందీ చెప్పాడు, ఆరోజు జరిగిందీ చెప్పాడు. నిలబడే చెప్పాడు. కాళ్ల మీద పడితే స్వామికి తిట్టే అవకాశం పోతుందని అతనికి తెలుసు.

స్వామి ముందు బామ్మర్దిని పిలిచి, "గుడిమల్కాపూర్ పోయి తెల్ల చామంతులు ఎన్ని దొరుకుతె అన్ని పట్కరా. మా పిల్లలే కడ్తరు" అని పంపేశాడు. అప్పుడు ఏసురత్నం వైపు తిరిగాడు.

"చర్చి కాడికెల్లి ఎందుకు తిరిగి పోయిన్నో ఎరికేనా? నా పూల మీద నాకే సిగ్గనిపించి. ఏడాది సంది నేను రాత్రిళ్లు పండక నా తోటలనే తప్పు దేవులాడిన. నీళ్లు మార్చిన, మందులు మార్చిన, కోసేటోళ్లను మార్చిన."

"అన్నా, నేను..."

"ఆగు. నువ్వు మస్తు మాట్లాడినవ్. ఇగ నేను చెప్పినట్టు చెయ్. ఆ ముడుసుకపోయిన పూలన్నీ తెచ్చుకో. గేటు కాడ పన్నీరు చల్లేటి కాడ నిలబడు. వచ్చినోళ్లకు గులాబీ బదులు గదొక్కటి చేతుల పెట్టు. ఏందిది అని అడుగుతరు. అడిగిన ప్రతొక్కనికి నీ నోటితోనే చెప్పు, పూలు స్వామియి, వాడగొట్టింది నేను అని. వేరే ముచ్చట ఒక్కటి కలపకు. నీ పెండ్లాం పోయిన కథ అసలు చెప్పకు. గా కథ చెప్పే నన్ను ముంచినవ్."

పగ అంటే అది. ఏసురత్నానిది దాని ముందు పిల్లల ఆట.

సాయంత్రం గేటు దగ్గర నిలబడ్డాడు. లోపల చామంతుల స్టేజీ మీద రోహిణి నిండుగా కనిపిస్తోంది. గుడిమల్కాపూర్ వాళ్లంతా వచ్చారు, ఆఫీసుల వాళ్లు వచ్చారు, మణికొండ సెక్రటరీలు వచ్చారు. పన్నీరు పడ్డాక చెయ్యి చాపితే చేతిలో ముడుచుకున్న కార్నేషన్ పడేది. మొదటివాడు పకపకా నవ్వాడు. "ఏంది రత్నం, స్వామి పూలు మళ్లా గిట్లనేనా?"

"పూలు స్వామివి. వాడగొట్టింది నేను."

నవ్వు ఆగిపోయింది. పదిమందికి చెప్పాక నాలుక ఎండిపోయింది. ఆ తర్వాత వచ్చేవాళ్లకి ముందున్నవాళ్లే చెప్పేశారు. అయినా అడిగారు. అతని నోటి నుంచే వినాలని వెనక్కి వచ్చి మరీ అడిగారు. నిరుడు అతని కన్నీళ్లు చూసి స్వామిని ఛీ అన్నవాళ్లే, ఇప్పుడు అంతే తృప్తిగా ఇతని వంక చూసి వెళ్లారు. స్వామి లోపలి నుంచి అప్పుడప్పుడూ గేటు వైపు చూస్తూనే ఉన్నాడు, ఒక్కసారి కూడా ఇక చాలు అనలేదు.

భోజనాలు సగం అయ్యాక వచ్చాడు. బుట్టలో ఒక్క పువ్వే మిగిలింది. ఏసురత్నం దాన్ని స్వామికి అందించబోయాడు.

"నాకెందుకు? నాకు ఎరికే గద" అన్నాడు స్వామి. "గది నువ్వే ఉంచుకో. ఆ పొద్దు ఒక్క మాట నన్ను అడిగితే అయిపోతుండె రత్నం. ఇద్దరం కల్సి ఏడుస్తుంటిమి."

భోజనానికి రమ్మని అనకుండానే లోపలికి వెళ్లిపోయాడు.

సెలీనా స్కూటరు తెచ్చి గేటు బయట ఆగింది. ఏసురత్నం చేతిలో పువ్వుతో వచ్చి వెనక కూర్చున్నాడు. రోడ్డు అవతల బండి మీద బంగినపల్లి పళ్లు రాసులుగా పోసి ఉన్నాయి. అటు చూడకుండా, ఎవరూ అడక్కుండానే, "పూలు స్వామివి. వాడగొట్టింది నేను" అన్నాడు.

"ఊఁ" అంది సెలీనా. "ఇంటికెళ్లి చారన్నమైనా తింటావా నాన్నా?"

అతను ఆ పువ్వుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"ఆకలి లేదమ్మా" అన్నాడు.

అతను తింటాననేదాకా కదలనన్నట్టు, ఆమె స్కూటరు స్టార్ట్ చెయ్యలేదు.